మొదలుపెట్టి మానేస్తే తప్పా?



జూన్ నెలలో బడులు తెరిచే రోజులు వచ్చాయంటే ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని మన ఇళ్ళల్లో ఒక కోరిక తరచుగా వినిపిస్తుంది. "మమ్మీ, నేను గిటారు నేర్చుకుంటా." ఆదివారం దివ్యపూజలో గానబృందంతో కలిసి వాయించే అన్నయ్యను చూసి ఒకరు అడుగుతారు. సెల్‌ఫోనులో ఎవరో వాయించిన పాట చూసి మరొకరు అడుగుతారు. హబ్సిగూడ నుంచి నాచారం వెళ్ళే దారిలోనైనా, ఉప్పల్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలనైనా, మేడమీది గదుల్లో డ్యాన్సు, కీబోర్డు, డ్రాయింగు క్లాసుల బోర్డుల మధ్య గిటారు బోర్డు కనబడుతుంది. 2017 నవంబరులో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడవడం మొదలయ్యాక సికింద్రాబాదు వెళ్ళి నేర్చుకోవడం కూడా పెద్ద ప్రయాణం కాదు. నల్లని సంచిలో గిటారు వీపున తగిలించుకుని రైలెక్కే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాం.

ఆ కోరికకు చాలా ఇళ్ళల్లో దొరికే జవాబు కూడా మనకు తెలుసు. "నిరుడు కరాటే అన్నావు. అంతకుముందు కీబోర్డు అన్నావు. ఇది కూడా మూడు నెలల ముచ్చటే. మొదలుపెట్టి మానేసేదానికి డబ్బులు దండగ."

ఈ జవాబులో అబద్ధం లేదు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీ చేసి, రెండు గదుల పోర్షనుకు అద్దె కట్టి, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు కట్టే తండ్రికి గిటారు ధర, ఆపైన నెలనెలా ఫీజు చిన్న విషయం కాదు. ఒకరికి కొంటే రెండోవారు అడుగుతారు. అయితే "మొదలుపెట్టి మానేస్తావు" అనే మాటలో డబ్బు లెక్కతోపాటు ఒక నీతి తీర్పు కూడా ఉంది. మొదలుపెట్టి మానేయడం ఒక దోషమని, అంతకంటే అసలు మొదలుపెట్టకపోవడమే మేలని ఆ మాటకు అర్థం. ఇది నిజమేనా? ఈ వారం ఆ ప్రశ్నను కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

మన భాషలో ఈ దోషానికి "ఆరంభశూరత్వం" అని పేరుంది. ఆ మాట పిల్లల మీద ఎంతో సులభంగా విసురుతాం. కాని ఆరంభం గురించి తెలుగులో అందరికంటే బాగా చెప్పినవాడు ఏనుగు లక్ష్మణకవి. భర్తృహరి సుభాషితాలను ఆయన తెనిగించిన పద్యాలలో ఒకటి మనలో చాలామంది బడిలో కంఠస్థం చేసినదే. అందులో మనుషులు మూడు రకాలు. ఆటంకాలు వస్తాయని భయపడి పనిని మొదలే పెట్టనివారు ఒకరు. మొదలుపెట్టి, ఆటంకం రాగానే విడిచిపెట్టేవారు రెండవవారు. ఎన్ని అడ్డంకులు వచ్చినా పట్టు వదలనివారు మూడవవారు. పరీక్షలో ఈ పద్యానికి భావం రాసి మార్కులు తెచ్చుకున్నాం గాని, ఒక సంగతి గమనించలేదు. మధ్యలో మానేసేవాణ్ణి కవి అందరికంటే కింద కూర్చోబెట్టలేదు. ఆ స్థానం భయపడి మొదలుపెట్టనివాడిది. మానేసేవాడు మధ్యముడు. మన ఇళ్ళల్లో ఈ వరుస తిరగబడింది. మానేసినవాణ్ణి ఏళ్ళ తరబడి ఎగతాళి చేస్తాం. ఎన్నడూ ఏదీ మొదలుపెట్టనివాణ్ణి బుద్ధిమంతుడంటాం.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానం కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పిల్లల్లోని ప్రతిభ గురించి చెప్పేటప్పుడు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తరచుగా ఎత్తుకునే ఉపమానం ఇదే. ఐదు తలాంతులు పొందిన సేవకుడు మరో ఐదు, రెండు పొందినవాడు మరో రెండు సంపాదించారు. ఒకటి పొందినవాడు దాన్ని నేలలో పాతిపెట్టాడు. ఐదు సంపాదించినవాడికీ, రెండు సంపాదించినవాడికీ యజమాని చెప్పిన మెచ్చుకోలు ఒక్కటే. రెండవవాడితో "నీవు తక్కువ తెచ్చావు" అనలేదు. మూడవవాడు తన మీద తాను చెప్పుకున్న కారణం భయం. యజమాని కఠినుడని భయపడి పాతిపెట్టాడు. అంటే మన పిల్లవాడు ఎంత గొప్పగా వాయిస్తాడన్న ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉంది. మన ఇంట్లో పిల్లవాడు భయం లేకుండా ఏదైనా మొదలుపెట్టగలడా? పోగొడితే తిడతారని తెలిసిన పిల్లవాడు ఇచ్చినదాన్ని పాతిపెట్టకుండా ఏం చేస్తాడు?

ఇప్పుడు గిటారు దగ్గరికి వద్దాం. దీన్ని నేర్చుకోవడం ఎలా ఉంటుందో తెలియకుండా తీర్పు చెప్పలేం.

వీణకు మెట్లున్నట్టే గిటారు మెడమీద కూడా మెట్లుంటాయి. ఫ్రెట్లంటారు. ఎడమచేతి వేళ్ళతో ఆ మెట్ల వెనుక తీగను అదిమి, కుడిచేత్తో మీటాలి. సాధారణంగా దుకాణంలో కొనే అకూస్టిక్ గిటారుకు ఉక్కు తీగలుంటాయి. అందులో అన్నిటికంటే సన్నని తీగ మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆరు తీగలూ కలిసి మెడను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. అంత బిగువుగా ఉన్న సన్నని తీగను లేత వేలికొసతో అదిమితే వేలిమీద గాడి పడుతుంది, మండుతుంది. సరిగా అదమకపోతే తీగ పలకదు, బుర్రుమంటుంది. పక్క తీగకు వేలు తగిలితే అది మూగబోతుంది. రోజూ వాయిస్తే రెండు మూడు వారాల్లో వేలికొసలు కాయకడతాయి. అప్పటిదాకా నొప్పి తప్పదు. నైలాన్ తీగల గిటారైతే వేళ్ళకు కాస్త మెత్తగా ఉంటుంది. చిన్నపిల్లలకు సగం, ముప్పావు సైజు గిటార్లు కూడా దొరుకుతాయి. ఎదుగుతాడుగదా అని పెద్ద గిటారు కొనిచ్చి, చెయ్యి అందక వాడు అవస్థ పడుతుంటే ఏకాగ్రత లేదనడం న్యాయం కాదు.

నొప్పి తగ్గాక మరొక కష్టం వస్తుంది. రెండు వేళ్ళతో పట్టే ఇ మైనర్ కార్డ్ మొదటిరోజే వస్తుంది. ఒక కార్డ్ నుంచి మరొక కార్డ్‌కు తాళం తప్పకుండా మారడానికి మాత్రం వారాలు పడుతుంది. పాట ఆగుతుంది, వేళ్ళు వెతుక్కుంటాయి, మళ్ళీ సాగుతుంది. ఆ తర్వాత ఎఫ్ కార్డ్ వస్తుంది. చూపుడువేలిని కర్రలా తీగల మీద అడ్డంగా అదిమి, మిగతా వేళ్ళు వేరే మెట్లమీద పెట్టాలి. ఎంతోమంది గిటారును గోడకు తగిలించేది ఇక్కడే. పిల్లవాడికి ఇష్టం పోయిందని మనం అనుకుంటాం. నిజానికి వాడింకా గిటారు వాయించనే లేదు. వేళ్ళతో పోట్లాడుతూ ఉన్నాడు, అంతే.

అందుచేత మానేయడం అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి. నొప్పి వల్ల, సిగ్గు వల్ల, ఎగతాళి వల్ల, పాట ఎలా ఉంటుందో తెలియకముందే విడిచిపెట్టడం ఒకటి. అది పిల్లవాడు చేసిన నిర్ణయం కాదు, వాడికి జరిగిన నష్టం. మూడు నాలుగు కార్డులతో ఒక పాట పూర్తిగా వాయించగలిగిన తర్వాత, ఆ సంతోషం ఎంతటిదో తెలిసిన తర్వాత, "నా మనసు దీనిమీద లేదు" అని విడిచిపెట్టడం రెండవది. అది స్వేచ్ఛగా చేసిన నిర్ణయం. దానిలో తప్పు లేదు. చేతిలో ఉన్నదాన్నే మనిషి వదులుకోగలడు, చేతికి రానిదాన్ని వదులుకోవడం అనేది ఉండదు. పిల్లవాడు రెండవ చోటికి చేరేదాకా చేయి పట్టుకుని నడిపించడం తల్లిదండ్రుల బాధ్యతని నా అభిప్రాయం. అక్కడికి చేరాక చేయి వదలడం కూడా వారి బాధ్యతే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, బలమైనదే. "అలా వదిలేస్తే పిల్లలకు పట్టుదల ఎలా వస్తుంది? ఇష్టం లేకపోయినా ఎక్కాలు నేర్పించలేదా? బలవంతంగా కూర్చోబెడితేనే కదా ఏదైనా వచ్చేది" అని చాలామంది పెద్దలంటారు. ఎక్కాలు, చదువు రాకపోతే పిల్లవాడి బతుకు ఇరుకవుతుంది. కనుక అక్కడ ఇష్టాయిష్టాలు చూడం. గిటారు అలాంటిది కాదు. గిటారు రానివారు కూడా మంచి జీవితం గడుపుతారు. కానుకగా ఇచ్చినదాన్ని అప్పులా వసూలు చేయకూడదు. అయితే ఆ అభ్యంతరంలోని సత్యం మనం వదులుకోనవసరం లేదు. పట్టుదల నేర్పాలి. దానికి ఎల్లలేని ఆజ్ఞ కంటే, గడువున్న మాట మేలు.

ఒక పద్ధతి చెబుతాను. జూన్‌లో బడితోపాటు గిటారు మొదలుపెట్టండి. సంగీతకారుల పాలక పునీతురాలైన సిసిలియా పండుగ నవంబరు 22. జూన్ మధ్య నుంచి లెక్కిస్తే ఐదు నెలలు పైచిలుకు. "పునీత సిసిలియా పండుగదాకా నేర్చుకుంటాను, రోజూ పదిహేను నిమిషాలు వాయిస్తాను" అని పిల్లవాడు మాట ఇవ్వాలి. ఆదివారం ఒకేసారి రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ పదిహేను నిమిషాలు వేళ్ళకు ఎంతో మేలు చేస్తుంది. ఆ రోజున ఇంట్లోవారి ముందు ఒక్క పాట, మూడు కార్డుల పాటైనా సరే, మొదటినుంచి చివరిదాకా వాయించాలి. ఆ తర్వాత కొనసాగించాలా మానాలా అనేది వాడే చెప్పాలి. ఏది చెప్పినా ఆ రాత్రి ఇంట్లో సాధింపులు ఉండకూడదు.

మాట ఒకవైపునుంచి మాత్రమే కాదు. ఇల్లు కూడా మాట ఇవ్వాలి. ఆ ఐదు నెలలు ఇంట్లో బేసురు వినబడుతుంది. రెండు గదుల ఇంట్లో అది తప్పించుకోలేం. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నాన్న పడుకునే వేళ తప్పించి, ఇంటి ఓనరుకు ఇబ్బంది లేని వేళ చూసి, ఆ పదిహేను నిమిషాలు కేటాయించండి. ఆ సమయంలో టీవీ శబ్దం తగ్గించండి. "ఆ గోల ఆపు" అనకండి. చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, అంకుల్‌కు ఒక పాట వాయించి చూపించు" అని నిలబెట్టకండి. ఇంకా రాని పనిని నలుగురిలో చేయించి నవ్వితే, ఆ పిల్ల ఆ సాయంత్రమే గిటారు పక్కన పెట్టేస్తుంది. అంతటితో ఆగదు. రానిపని నలుగురిలో చేయకూడదనే పాఠం నేర్చుకుంటుంది. ఆ పాఠంతో పెరిగిన మనిషి పెద్దయ్యాక సభలో లేచి మాట్లాడడు, గుడిలో నోరు విప్పి పాడడు, తెలియనిది తెలియదని అడగడు. మనం కాపాడవలసింది ఇక్కడే. గిటారు పోతే పోయింది, మొదలుపెట్టే ధైర్యం పోతే మళ్ళీ తేవడం కష్టం.

మంచి గురువు అవసరం కూడా ఇందుకే. ఇప్పుడు ఫోనులో పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. శృతి చేసుకోవడానికి యాప్‌లున్నాయి. డబ్బు లేని ఇంటికి అవి గొప్ప సహాయమే, కాదనను. కాని వీడియోలోని మాస్టారు మన పిల్లవాడి వాయింపు వినడు. మణికట్టు వంగిందని, బొటనవేలు బిగుసుకుందని చూడడు. తప్పు చేసేటప్పుడు ఒక మనిషి పక్కన కూర్చుని, విసుక్కోకుండా "మళ్ళీ ఒకసారి" అనడమే గురుత్వం. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రిగారి మాండలిన్ చేతికెత్తుకున్నాడు. ఆయనకు నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ విద్వాంసులు కారు. గురువు పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతికి పట్టుకునేవాడు. 2014లో కన్నుమూసేనాటికి ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. మన పిల్లలు అంతవారు కావాలని ఈ ఉదాహరణ చెప్పడం లేదు. వాద్యం తెలియని గురువు కూడా శ్రద్ధగా వింటే శిష్యుడు నేర్చుకోగలిగాడు. అలా వినడం అమ్మానాన్నలకూ చేతనవుతుంది.

"మనకెందుకీ విదేశీ వాద్యం" అనేవారు కూడా ఉన్నారు. ఫిడేలు మాత్రం ఎక్కడిది? ఐరోపానుంచి వచ్చిన ఫిడేలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో తెలుగువారి సొంతమైంది. మన పూజల్లో వినిపించే హార్మోనియం పుట్టింది కూడా ఐరోపాలోనే. గుడికి గిటారు తగదని అనుకునేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. క్రిస్మసు రాత్రి మనమందరం పాడుకునే "సైలెంట్ నైట్" గీతం 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ గుడిలో మొదటిసారి పాడినప్పుడు తోడుగా మోగింది గిటారే. మాటలు రాసిన యోసేఫ్ మోర్ అక్కడి సహాయ గురువు, వరస కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ బడిపంతులు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ప్రకటించిన దైవార్చన శాసనం పైప్ ఆర్గన్‌ను ఎంతో గౌరవిస్తూనే, ఆరాధనకు తగినవైతే ఇతర వాద్యాలను కూడా స్థానిక అధికారుల అనుమతితో వాడవచ్చునని చెప్పింది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. "గుడిలో వాయిస్తానంటేనే కొనిస్తాను" అని బేరం పెట్టే తల్లిదండ్రులున్నారు. గానబృందంలో వాయించడం మంచిదే. కాని షరతుగా పెడితే, పిల్లవాడు మానాలనుకున్నప్పుడు దేవునికి ద్రోహం చేశానన్న భయం కూడా తోడవుతుంది. మోయలేని బరువది. అలాగే పరీక్షల సంగతి. లండన్ ట్రినిటీ కాలేజీవారి సంగీత పరీక్షల్లో ప్రారంభ స్థాయి దాటాక ఎనిమిది గ్రేడులున్నాయి. ఇష్టంగా రాసే పిల్లలకు అవి మంచి మెట్లు. గోడమీద సర్టిఫికెట్టు కోసం, చుట్టాల్లో గొప్ప కోసం పిల్లలను గ్రేడులెక్కిస్తే, చివరి సర్టిఫికెట్టు వచ్చిన మర్నాడే గిటారు మూలకు చేరుతుంది.

మరి డబ్బు దండగన్న మాటకు జవాబేమిటి? దండగ కాకుండా చూడవచ్చు. మన పేటల్లో ఎన్ని ఇళ్ళ గోడలకు, బీరువాల వెనుక, మంచాల కింద గిటార్లు దుమ్ముపట్టి ఉన్నాయో ఒకసారి చూడండి. తీగలు తుప్పుపట్టి, ఎండ తగిలిన చోట చెక్క వంగి పాడవుతున్నాయి. మానేయడం తప్పు కాదు గాని, మానేసిన గిటారును అలా కట్టిపెట్టడం తప్పు. నవంబరు 22 తర్వాత "నాకు వద్దు" అన్న పిల్లవాడికి ఒక్క పని మిగిలి ఉంటుంది. తీగలు మార్చి, తుడిచి, నేర్చుకోవాలని ఉన్నా కొనలేని మరొక ఇంటికి ఆ గిటారు ఇవ్వాలి. వీలైతే తనకు వచ్చిన మూడు కార్డులు ఆ కొత్త పిల్లకు తానే చూపించాలి. విచారణలో నలుగురు ఇలా చేస్తే నాలుగు గిటార్లు పది ఇళ్ళు తిరుగుతాయి. మొదటిసారి నేర్చుకునే పిల్లకు కొత్త గిటారు కొనే అవసరమే ఉండదు. ఇలా ఇచ్చిన పిల్లవాణ్ణి ఆరంభశూరుడని ఎవరూ అనలేరు.

ఒక మాట పెద్దలకు కూడా. ఆడపిల్లకు ఎందుకని, యాభై ఏళ్ళు దాటాక మనకెందుకని ఆగిపోకండి. పెద్దవారి వేలికొసలు కూడా కాయకడతాయి. సాయంత్రం డ్యూటీనుంచి వచ్చిన నాన్న పిల్లవాడి పక్కన కూర్చుని, అదే ఇ మైనర్ కార్డ్ పట్టబోయి తప్పితే, ఆ తప్పు చూసి ఇద్దరూ కలిసి నవ్వుకుంటే, ఏ ప్రసంగమూ నేర్పలేనిది పిల్లవాడు నేర్చుకుంటాడు. రాని పని చేయడంలో సిగ్గు లేదని మా నాన్నే చూపించాడని ఎప్పటికీ గుర్తుంచుకుంటాడు.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "నేర్చుకుంటా" అంటే, "ఎన్నాళ్ళు?" అని వెటకారంగా కాకుండా నిజంగానే అడగండి. ఒక తేదీ అనుకుని క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. ఆ తేదీదాకా వాడి మాట వాడు, మీ మాట మీరు నిలబెట్టుకోండి.